కరాటేకీ కారుకీ ఒకే జవాబు

నాగమాంబ ఇరవై రెండేళ్లుగా తణుకులో కరాటే నేర్పుతోంది. మూతబడిన రైసుమిల్లు వెనక, ఒకప్పుడు ధాన్యం ఆరబోసిన సిమెంటు గచ్చే ఆవిడ బడి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఊళ్లో అందరూ కరాటే మేష్టారమ్మ అంటారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆడపిల్లల్లో ఒకరు ఎస్సై అయ్యారు, ఇద్దరు బస్సు కండక్టర్లయ్యారు, మిగతావాళ్లు కనీసం ఎవరైనా వెంటపడితే వెనక్కి తిరిగి నిలబడగలిగేవాళ్లయ్యారు.

ఈసారి ఆవిడ ఆశలన్నీ సువర్చల మీద పెట్టుకుంది. పదిహేడేళ్ల పిల్ల. తండ్రి లేడు, తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలుస్తుంది. రాష్ట్ర పోటీల్లో మొదటి స్థానం వస్తే వ్యాయామ కళాశాలలో క్రీడల కోటా సీటు వస్తుంది. రాకపోతే ఆ మరుసటి నెల నుంచి తల్లి పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చోవడమే. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆ స్టూలు చూపించి కూడా పెట్టాడు.

పోటీలకి ఏడు వారాలుందనగా రాష్ట్ర యుద్ధకళల, వాహనక్రీడల సంచాలకుల కార్యాలయం నుంచి ఒక కవరొచ్చింది.

ఆ కవరు వెనక జరిగిన సంగతి నాగమాంబకి తరవాత ఆ ఆఫీసు గుమస్తా కొండలరావు చెప్పాడు. కరాటే లాంటి విద్యలకీ, మోటారు పందేలకీ మన రాష్ట్రంలో ఒకటే ఆఫీసు. ఇంగ్లీషులో మార్షల్, మోటార్ రెండూ 'మ' అక్షరంతో మొదలవుతాయి కాబట్టి ఫైళ్లు ఒకటే బీరువాలో ఉంటాయి. బీరువా ఒకటైనప్పుడు గదీ ఒకటే, గది ఒకటైనప్పుడు అధికారీ ఒకరే. ఆ అధికారి పినాకపాణి గారు. రోజంతా జనం ఫోన్లు చేసి అడిగిందే అడుగుతుంటే, విసుగెత్తిన పైవాళ్లు ఇంగ్లీషులో ఒక ఉత్తర్వు పంపారు. మార్షల్ ఆర్ట్స్ మీదా, మోటార్ రేసింగ్ మీదా 'కామన్ క్వశ్చన్స్' తయారుచేసి, జవాబులతో సహా ప్రకటించండి అని.

"జనం మామూలుగా అడిగే ప్రశ్నలన్న మాట సార్," అన్నాడు కొండలరావు. "కరాటేకి ఒక కాగితం, రేసింగుకి ఒక కాగితం వేసేద్దామండి."

పినాకపాణి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కొండలరావూ, కామన్ బాత్రూమ్ అంటే ఏమిటి?"

"అందరికీ కలిపి ఒకటే బాత్రూమండి."

"మామూలు బాత్రూమ్ కాదు గదా."

"కాదండి."

"కామన్ క్వశ్చన్ అంటే కూడా అంతే. రెండింటికీ కలిపి ఒకటే ప్రశ్న. ఒకటే జవాబు."

కొండలరావుకి ఇంకో పదేళ్ల సర్వీసుంది. వెళ్లి కాగితం తెచ్చుకున్నాడు. అలా మూడు రోజుల్లో పన్నెండు ఉమ్మడి ప్రశ్నలు, పన్నెండు ఉమ్మడి జవాబులు తయారయ్యాయి. అవే ఆ కవర్లో ఉన్నాయి.

గచ్చు మీద పిల్లలందర్నీ కూర్చోబెట్టి నాగమాంబ ఆ కాగితం పైకి చదివింది.

"ప్రశ్న ఒకటి: బెల్టు తప్పనిసరియా? జవాబు: తప్పనిసరి. ఫర్వాలేదు," అంది. పిల్లలు తలలూపారు.

"ప్రశ్న రెండు: ఏ వయస్సున ప్రారంభించవలెను? జవాబు: యుద్ధకళలకు ఆరేండ్లు, వాహనక్రీడలకు పదునెనిమిదేండ్లు అగుటచే, రెంటిని కూడి రెంటిచే భాగించగా పన్నెండు. పన్నెండు నిండనివారు ఏ క్రీడకును అర్హులు కారు. నిండినవారు రెంటికిని అర్హులు."

ముందు వరసలో పంతొమ్మిదిమంది చిన్నపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పన్నెండు నిండిన వాళ్లు మాత్రం రేసు కారు ఎప్పుడిస్తారని అడిగారు.

"ప్రశ్న మూడు: పాదరక్షలు ధరించవచ్చునా? జవాబు: ఒక క్రీడ యందు నిషిద్ధము, వేరొక క్రీడ యందు విధాయకము. కావున ఎడమ పాదమున బూటు ధరించి, కుడి పాదము రిక్తముగా ఉంచవలెను." నాగమాంబ ఆగింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది, ఎవరైనా సరదాకి రాశారేమోనని. వెనక గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సంతకం ఉన్నాయి.

నాలుగో ప్రశ్న ప్రత్యర్థిని ఢీకొనవచ్చునా అని. జవాబు: తాకవచ్చును, తగలరాదు. తాకుటకు ముందు వంగి నమస్కరించవలెను. అయిదోది మలుపు తిరిగేటప్పుడు ఏం చెయ్యాలని. తిరుగు దిశను చేతితో సూచించి, హారన్ మోగించవలెను. ఆ తరవాతవి నాగమాంబ పైకి చదవలేదు.

సువర్చల నెమ్మదిగా అడిగింది. "మేష్టారమ్మా, కాలు తిప్పి తన్నేటప్పుడు కూడా చెయ్యి చూపించాలా?"

"రేపు వెళ్లి కనుక్కొస్తానే," అంది నాగమాంబ.

రాష్ట్ర కార్యాలయంలో ఆవిడ కంటే ముందే ఒకాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పేరు రంగరాజు, భీమవరం వాడు. పదకొండేళ్లుగా కార్ల పందేల్లో తిరుగుతున్నాడు. చేతిలో అదే కాగితం.

"మీరూ దీని గురించేనా అండి?" అన్నాడు.

"ఆయ్. మీకేమొచ్చింది?"

"నా కార్లో సీటు బెల్టు నల్లదండి. నల్లబెల్టుకి పరీక్షలు పాసయ్యావా అన్నారు. లేదన్నాను. అయితే తెల్లబెల్టు బిగించుకుని మొదట్నుంచీ రమ్మన్నారు. ఆరేసి నెలలకో రంగంట. నల్లబెల్టు కట్టుకునేసరికి నాకు నలభై ఏడొస్తాయి."

పినాకపాణి గారు ఇద్దర్నీ ఒకేసారి లోపలికి పిలిచారు. వేరువేరుగా పిలిస్తే ఉమ్మడి స్ఫూర్తి దెబ్బతింటుందని. కుర్చీలు చూపించి, కాఫీ కూడా ఇప్పించారు. ఆయన చెడ్డమనిషి కాదు. వచ్చినవాళ్ల మాట పూర్తిగా విని, ఆ తరవాతే కుదరదనేవారు.

"సార్, కరాటే వేరు, కారు వేరండి," అంది నాగమాంబ.

"అమ్మా, మీరు లోతుగా పరిశీలించలేదు. రెండింటిలోనూ ప్రమాదమున్నది. రెండింటిలోనూ బెల్టున్నది. రెండింటిలోనూ ముందున్న వానిని దాటుటే లక్ష్యము. భేదమెక్కడున్నది?"

"కారుకి చక్రాలుంటాయండి," అన్నాడు రంగరాజు.

"అది పరికరముల వ్యత్యాసము. ఒకరు తెల్లబట్టలు కట్టుకుందురు, ఒకరు చక్రములు కట్టుకుందురు." పినాకపాణి గారు సంతృప్తిగా వెనక్కి వాలారు. "ఈ ప్రకటన వెలువడిన పిమ్మట మా కార్యాలయమునకు వచ్చు ఫోన్ల సంఖ్య రోజుకు నలుబది నుండి మూడుకు తగ్గినది. ప్రజలకు సందేహములు తీరినవనుటకు ఇంతకన్న నిదర్శనమేమి?"

"మిగిలిన ఆ మూడు ఫోన్లేమిటండి?" అంది నాగమాంబ.

"ఏడుపులు," అన్నాడు వెనక నిలబడ్డ కొండలరావు. పినాకపాణి గారు ఆ మాట నమోదు కాకుండా చెయ్యూపారు.

"నా శిష్యురాలికి ఈ పోటీ మీద కాలేజీ సీటు ఆధారపడి ఉందండి. పాత పద్ధతిలో ఒక్క పోటీ పెట్టించండి. ఆ పిల్ల బతుకు నిలబడుతుంది."

"పోటీ తప్పక జరుగును. ఆమె తప్పక పాల్గొనును. అయితే ప్రశ్న ఒకటే, జవాబు ఒకటే అయినప్పుడు పోటీ మాత్రము రెండేల? ఉమ్మడి పోటీయే జరుగును," అన్నారాయన. ఆ ఆలోచన ఆయనకి అప్పుడే, వాళ్ల ఎదుటే వచ్చినట్టుంది. కలం తీసి రాసుకున్నారు. నాగమాంబకి నోరు ఎందుకు తెరిచానా అనిపించింది.

పది రోజుల తరవాత కొండలరావు తనిఖీకి తణుకు వచ్చాడు. నిజానికి అతనికి ఆ పని ఇష్టం లేదు. కానీ జీపు దిగగానే ఫారం తీశాక మనిషి మారిపోయాడు. మిగతా జవాబుల్లో చెప్పినట్టు పిల్లల వీపులకి నంబరు ప్లేట్లున్నాయా చూశాడు. హెల్మెట్లు తట్టి చూశాడు. సువర్చల ఎడమ కాలి బూటు లేసు వదులుగా ఉందని రాసుకున్నాడు. ఒక పిల్ల హారన్ మర్చిపోయి నోటితో "పాం" అని తన్నితే, ఆ శబ్దం ఫారంలో ఏ గడిలోకీ రాదని ఆమెను పక్కన నిలబెట్టాడు.

నాగమాంబ నడుముకున్న నల్లబెల్టు పాతికేళ్ల నాటిది. అరిగి అరిగి అంచుల్లో తెల్లదారాలు తేలింది. కరాటేలో అదొక గౌరవం. కొండలరావు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "పనికిరాని బెల్టండి. బకిలూ లేదు," అని రాశాడు.

"అది నాకు మా గురువుగారు కట్టిందయ్యా."

"తెలుసమ్మా. కాని గురువుగారికి ఐ.ఎస్.ఐ. మార్కు లేదుగా."

ఆవిడ ఆ బెల్టు విప్పి, మడిచి, ట్రంకు పెట్టెలో పెట్టింది. అప్పుడు మాత్రం కొండలరావు తలొంచుకున్నాడు. జీపు ఎక్కేముందు వెనక్కొచ్చి, "మా సంచాలకుల వారి డ్రైవరుకి మొన్న మూడో డిగ్రీ నల్లబెల్టు ఇచ్చామమ్మా. ఆయన కార్లో సీటు బెల్టులు మూడున్నాయి. మీరు ఇవన్నీ మనసులో పెట్టుకోకండి," అన్నాడు.

ఆ పిల్లలు ఆ నెలంతా ఒంటికాలి బూటుతో సాధన చేశారు. బూటున్న కాలు బరువు, లేని కాలు తేలిక. తిరిగేటప్పుడు చెయ్యి చాపాలి, హారన్ నొక్కాలి, అంతలో ప్రత్యర్థికి వంగి దణ్ణం పెట్టాలి. ఇదంతా అయ్యేసరికి ఎవర్నైనా కొట్టాలన్న కోరిక పోయేది. సువర్చల ఒక్కతే పట్టు వదల్లేదు. పొద్దున్నే వచ్చి, బూటు బరువుకి తగ్గట్టు నడుము తిప్పడం కొత్తగా నేర్చుకుంది. "రొయ్యల ఫ్యాక్టరీలో రెండు కాళ్లకీ బూట్లిస్తారు మేష్టారమ్మా," అంది ఒకరోజు. "అందుకే నాకీ ఒక్క బూటే నయం."

పోటీల రోజు వచ్చింది. ముందు బరువులు తూచారు. కార్లు కూడా పాల్గొంటాయి కాబట్టి చెరకు లారీలు తూచే వేబ్రిడ్జి మీద అందర్నీ ఎక్కించారు. ఆ కాటా ఇరవై కిలోల చొప్పున తప్ప చూపించదు. సువర్చలకి అరవై చూపించింది. రంగరాజుకీ, అతని కారుకీ కలిపి ఆరువందల నలభై చూపించింది. యాభై అయిదు కిలోల పైబడినవారందరూ ఒకే విభాగం అని నియమం. అరవై యాభై అయిదుకి పైనే. ఆరువందల నలభైయూ యాభై అయిదుకి పైనే.

"అది ఆడపిల్లల విభాగం కదండీ," అంది నాగమాంబ. "రంగరాజు గారు మగాయన."

"పోటీ పడునది రంగరాజు కాదమ్మా, కారు," అన్నారు పినాకపాణి గారు. "రంగరాజు అందలి ఒక భాగము. కారు స్త్రీయా, పురుషుడా అను విషయమై భాషా నిపుణుల అభిప్రాయము తీసుకొంటిమి."

పక్కనే కండువా వేసుకుని కూర్చున్న తెలుగు పండితుడు లేచాడు. "అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది. కారు వచ్చింది," అన్నాడు. "క్రియ సమానము. వ్యాకరణరీత్యా కారు మహిళల విభాగమునకే చెందును. ఇందులో నా స్వకల్పితమేమియు లేదు." కూర్చున్నాడు.

భాషే అలా ఉంది.

ఇన్నాళ్లూ నవ్వొచ్చిన సంగతి ఇప్పుడు ఆరువందల నలభై కిలోలై, ఆ పిల్ల ఎదురుగా రానుంది. నాగమాంబ తిన్నగా రంగరాజు దగ్గరికి వెళ్లింది. అతను కారు బానెట్టుకి ఆనుకుని, తెల్ల సీటు బెల్టు పట్టుకుని ఏదో ఆలోచిస్తున్నాడు.

"రంగరాజు గారూ, పోటీ నుంచి తప్పుకుంటారా?"

"తప్పుకుంటే ఆ అమ్మాయికి సర్టిఫికెట్టు ఇవ్వరంటండి. పోటీ జరగలేదని రాస్తారంట. కనుక్కున్నాను."

"మరి లోపలికెళ్లి గేరు వేస్తారా?"

అతను జేబులోంచి కారు తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది మీ దగ్గరుంచండి. బండి నడవాలని నియమాల్లో ఎక్కడా లేదు, రాత్రంతా చదివాను. లోపలికి తోసుకుపోతాను. మాకూ ఓ అమ్మాయుందండి."

నాగమాంబ ఆ తాళంచెవి పిడికిట్లో బిగించి పట్టుకుంది. పోటీ అయ్యేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

కరాటే బరి ఎనిమిది మీటర్ల చదరం. కారుని నలుగురు కలిసి దాన్లోకి తోశారు. సగం బరి నిండిపోయింది. సువర్చల రెండో సగంలో నిలబడింది, ఎడమ కాలికి బూటు, తలకి హెల్మెట్టు, వీపున నంబరు ప్లేటు. ఈల మోగింది. రంగరాజు కిటికీలోంచి తల బయటపెట్టి వంగి నమస్కరించాడు. ఆమె కూడా వంగింది.

తరవాత జరిగింది చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎదురుగా ఉన్నది కదలని కారేనని ఆ పిల్లకి తెలుసు. అయినా అశ్రద్ధగా వెయ్యలేదు. కుడిచెయ్యి చాపి దిశ చూపించింది. హారన్ కొట్టింది. బరువు కాలి మీద గిరుక్కున తిరిగి, ఖాళీ పాదం గాల్లో లేపి, సరిగ్గా బానెట్టు మీద, ఈగ వాలినట్టు ఆనించి తీసింది. తాకింది, తగల్లేదు. రంగు మీద చార కూడా పడలేదు. నెల రోజుల ఒంటిబూటు సాధన అంతా ఆ ఒక్క తన్నులో ఉంది. నాగమాంబకి కళ్లు చెమర్చాయి. ఇలాంటి తన్ను ఆవిడ జీవితంలో రెండుసార్లే చూసింది, రెండూ మనుషుల మీద.

న్యాయనిర్ణేత పాయింటు ఇచ్చాడు. మరో అధికారి, ట్రాకు మీద ఆగి ఉన్న వాహనం ప్రమాదకరమని పసుపు జెండా ఊపి రంగరాజుకి తప్పు వేశాడు. కదిలితే గీత దాటినందుకు ఇంకో తప్పు పడేదే. రంగరాజు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఇంటికెళ్లే బస్సులో కూర్చున్నవాడంత హాయిగా కూర్చున్నాడు. రెండు నిమిషాలయ్యాక సువర్చల ఎనిమిది సున్నాతో గెలిచింది.

సర్టిఫికెట్టు మీద ఇలా రాసి ఇచ్చారు: 'యుద్ధ–వాహన ఉమ్మడి క్రీడ, మహిళల విభాగము, ప్రథమ స్థానము. ఓడించిన ప్రత్యర్థి: ఎరుపు రంగు కారు ఒకటి.'

వ్యాయామ కళాశాలలో క్లర్కు ఆ కాగితం చూసి జాబితా చూశాడు. జాబితా చూసి కాగితం చూశాడు. "కరాటే ఉంది, మోటార్ రేసింగ్ ఉంది. ఈ ఉమ్మడి క్రీడ లేదమ్మా. దీనికి సీటు లేదు."

సువర్చల వెళ్లిపోదామన్నట్టు మేష్టారమ్మ చెయ్యి పట్టుకుంది. వెనక వరండాలో ఆ పిల్ల తల్లి సెలవు పెట్టుకుని వచ్చి నిలబడి ఉంది. నాగమాంబ గట్టిగా అరుద్దామని నోరు తెరిచింది. కానీ ఏడు వారాలుగా ఆ కాగితాలు చదివీ చదివీ నాలుకకి ఏదో అంటుకున్నట్టుంది.

"బాబూ, ఉమ్మడి అంటే రెండింటికీ చెందినదనే కదా?" అంది నెమ్మదిగా.

"అవునండి."

"అయితే ఈ అమ్మాయికి కరాటేలో ఒక సీటు, రేసింగులో ఒక సీటు, మొత్తం రెండు సీట్లు సంక్రమించినవి. మేము ఒకటే కోరుచున్నాము. రెండవది ప్రభుత్వమునకు స్వచ్ఛందముగా అప్పగించుచున్నాము."

క్లర్కు మొహం విప్పారింది. సీట్లు అడిగేవాళ్లని చూశాడు గాని తిరిగిచ్చేవాళ్లని చూడలేదు. "అప్పగింతకి లేఖ కావాలండి, రెండు కాపీలు," అన్నాడు. లేఖ రాసిచ్చారు. సీటు వచ్చింది. ఆ పిల్ల తల్లి వరండాలో గోడకానుకుని, రొయ్యల వాసన పోని చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. నాగమాంబ పక్కన కూర్చుంది గాని, ఇందాక తన నోట వచ్చిన మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని ఆశ్చర్యపోతూనే ఉంది.

స్వచ్ఛందంగా సీటు అప్పగించిన లేఖ పైకి, ఇంకా పైకి వెళ్లింది. ఉమ్మడి విధానం వల్లే ప్రజల్లో త్యాగబుద్ధి పెరిగిందని పినాకపాణి గారికి పదోన్నతి ఇచ్చి, ఇంకొన్ని ఆటలు అప్పగించారు. ఆయన నాగమాంబని మర్చిపోలేదు. రెండు నెలల తరవాత ఆవిడకి ఇంకో కవరొచ్చింది. ఈతకీ చదరంగానికీ ఉమ్మడి ప్రశ్నలు రూపొందించే నిపుణుల సంఘంలో ఆవిణ్ణి సభ్యురాలిగా నియమించారు.

మాట్లాడి ఆపించెయ్యాలనే వెళ్లింది నాగమాంబ. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంది. మనుషులకి నీళ్లు వేరు, బల్ల వేరు అని చెప్పాలి. సమావేశంలో తొమ్మిదిమంది ఉన్నారు. ఎవరి ముందు వాళ్లకి బిస్కట్లు, నీళ్ల సీసా. పినాకపాణి గారు ఆవిణ్ణి 'మన అనుభవజ్ఞురాలు' అని పరిచయం చేశారు. ఆవిడ లేవబోయేసరికే చర్చ నాలుగో ప్రశ్నకి వచ్చేసింది. చదరంగం బల్లను ఈతకొలనులో వెయ్యాలని అప్పటికే తీర్మానమైపోయింది. కొలను లోతు నాలుగున్నర అడుగులు.

"ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆడుతారండీ చదరంగం," అన్నాడు ఒక సభ్యుడు మొహమాటంగా. "వాళ్లు మునిగిపోతారేమో."

అందరూ అనుభవజ్ఞురాలి వైపు చూశారు. నాగమాంబకి గచ్చు మీద ముందు వరస పిల్లల మొహాలు కనిపించాయి. ఇప్పుడు వద్దంటే ఈ తొమ్మిదిమందీ తన వైపు తిరిగి వ్యాకరణం చెప్తారు. ఆ లోపు కొలనులో బల్ల వెయ్యాలన్న వాక్యం అలాగే ముద్రైపోతుంది.

"పిల్లల కాళ్ల కింద ఎత్తు పీట వెయ్యొచ్చండి," అంది.

ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. పినాకపాణి గారు మెచ్చుకోలుగా తలాడించారు. కొండలరావు కలం ఎత్తి, "పీట చెక్కదా, ఇనపదా అని రాయమంటారమ్మా?" అన్నాడు.

నాగమాంబ ఒక్క క్షణం శ్రద్ధగా ఆలోచించింది.

"చెక్కది తేలిపోద్ది," అంది. "ఇనపదని రాయండి."